లిస్టులో బతికున్న మనిషి

పొద్దున తొమ్మిదికి చక్రధర్ ఫోను చేశాడు. చక్రధర్ తుమ్మగుంటకు లైన్‌మన్. తుమ్మగుంటకే కాదు, చుట్టుపక్కల ఇంకో పదకొండు ఊళ్ళకు కూడా అతనొక్కడే.

"అక్కా, కరెంటాఫీసు ఏఈ సారు జీపులో బయల్దేరినాడు. కొత్త సారు. లిస్టు ఎంక్వయిరీ అంట. అర్ధగంటలో మీ ఊర్లో ఉంటాడు. తయారుగా ఉండండి."

నిర్మలమ్మ పేడ చేతులతోనే ఫోను చెవికి అదుముకుని "సరేబ్బా" అంది.

తయారుగా ఉండడమంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అత్త తాయమ్మ చెంబుతో నీళ్ళు పోసి కోడలి చేతులు కడిగించింది. దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చింది. పెట్టె అడుగునుంచి గాజులు తీసింది.

"బిన్నా పెట్టుకోమే. జీపు వచ్చేస్తాది" అంది. అని, మొహం గోడవైపు తిప్పుకుంది.

నిర్మలమ్మ మొగుడు మునిశేఖర్ చచ్చిపోయి అప్పటికి ఏడాది. తాయమ్మకు పెద్దకొడుకు. కన్నకొడుకు పోయాక కోడలి నుదుట బొట్టు దగ్గరుండి పెట్టించాల్సిన గతి ఏ తల్లికీ పట్టకూడదు. తాయమ్మకు అది మూడోసారి. కోడలి మెడలో తాళి లేదు, దినం నాడే తీసేశారు. పసుపుతాడు ఒకటి వేసుకుంటే చాలు, రవికలోపల దాని చివర ఏముందో ఏఈ చూడడు గదా అని ఉపాయం చెప్పింది కూడా తాయమ్మే.

జీపు వచ్చింది. ఏఈ దిగాడు. చేతిలో లిస్టు ఉంది. పక్కింటి మునికృష్ణ అప్పటికే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అతని చేను మునిశేఖర్ చేను పక్కనే. మునిశేఖర్ పేరు మీద ట్రాన్స్‌ఫార్మర్ వస్తే రేపు దాని మీదే తన మోటారుకూ కనెక్షన్ దొరుకుతుంది. కాబట్టి అతను ఆ ఇంటి మనిషికంటే ఎక్కువ.

"మునిశేఖర్ ఎక్కడమ్మా?"

"కాణిపాకం పోయినాడు సార్."

ఏఈ లిస్టులోంచి తల ఎత్తాడు. "పోయిన సారు రాసిన రిపోర్టులో కూడా కాణిపాకమే ఉందే?"

మునికృష్ణ అందుకున్నాడు.

"వాడికి భక్తి ఎక్కువ సార్. కరెంటు వచ్చేదాకా నెలనెలా వస్తానని వినాయకుడికి మొక్కుకున్నాడు. మీరు బిన్నా ఇచ్చేస్తే వాడు ఇంటి పట్టునుంటాడు."

ఏఈ నవ్వాడు. జీపు డ్రైవరూ నవ్వాడు. ఏఈ 'లబ్ధిదారు ఉన్నాడు, భార్య ధ్రువీకరించింది' అని రాసుకున్నాడు. సాక్షిగా మునికృష్ణ సంతకం పెట్టాడు. జీపు మలుపు తిరిగేదాకా ఆగి నిర్మలమ్మ తొట్టి దగ్గరకు పోయి మొహం కడుక్కుంది. కుంకుమ ఒక పట్టాన పోదు. కొంగు తడిపి రుద్దింది. రుద్దిన చోట తోలు ఎర్రబడింది. అది కుంకుమో తోలో తెలియక ఇంకా రుద్దింది.

ఇది ఎట్లా మొదలైందో చెప్పాలి.

మునిశేఖర్‌కు ఊరికి పడమర రెండెకరాల చేను ఉంది. బోరు వేస్తే ఆరొందల అడుగుల్లో నీళ్ళు పడ్డాయి. ఆ వారమే కరెంటు కనెక్షనుకు అర్జీ పెట్టాడు. ఆ పక్క లైను లేదు, స్తంభాలు నాటాలి, తీగ లాగాలి, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. లిస్టులో నెంబరు రెండొందల పన్నెండు. అయినా ఆరు నెలల్లో వస్తుందన్నారు. ఆ మాట నమ్మి నూటిరవై తోతాపురి మామిడి అంట్లు తెచ్చి నాటాడు. మోటారు కూడా కొన్నాడు. మోటారు అట్టపెట్టెలోనే ఉంది, అంట్లు మాత్రం భూమిలోకి పోయాయి.

మొదటి ఏడు చెప్పిన కారణం సబ్‌స్టేషన్. అక్కడున్న పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగిన దానికంటే ఎక్కువ మోస్తోంది. దాన్ని తీసి ఇంకా పెద్దది పెట్టేదాకా దాని కింద కొత్త కనెక్షన్ ఒక్కటీ ఇవ్వకూడదని పైనుంచి ఆర్డరు. సరే, పెట్టండి. ఆర్డరు ఇచ్చాం, కంపెనీ తయారుచేసి పంపాలి, ఏడాదిన్నర పడుతుంది. ఏడాదిన్నరకు అది వచ్చింది. వచ్చాక దాన్ని నిలబెట్టే దిమ్మె కట్టలేదని తెలిసింది. దిమ్మె కట్టారు. అప్పుడు స్తంభాలు వచ్చాయి, తీగ లేదు. తీగ వచ్చింది, చేను దగ్గర పెట్టే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ లేదు. అడిగితే ఒకటే జవాబు: కావాలని రాసి ఇండెంట్ పెట్టాం, స్టోర్సులో స్టాకు లేదు. హైవే పక్కన కొత్తగా లేచిన ఫ్యాక్టరీకి మాత్రం ఆరు నెలల్లో ప్రత్యేకం లైను పడింది. దానికి స్టాకు ఎక్కడిదని మునిశేఖర్ ఆఫీసులో అడిగాడు. అది వేరే స్కీము అన్నారు. మామిడి అంటుకు స్కీములు తెలియవు. దానికి తెలిసింది నీళ్ళే.

రెండు వేసవులు అతను డ్రమ్ముతో నీళ్ళు తోలాడు. ట్రాక్టరు దొరకని రోజు బిందెలతో మోశాడు. రెండో వేసవి, ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం, బిందె దించి అంటు పాదులో నీళ్ళు పోస్తూ అక్కడే కూలబడిపోయాడు. ఐరాల దాకా ఆటోలో తెచ్చారు. అక్కడినుంచి చిత్తూరు పోవాలన్నారు. చిత్తూరు చేరకముందే అయిపోయింది. నలభై నాలుగేళ్ళు.

దినం అయిన మరునాడు చక్రధర్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంచివాడు. మునిశేఖర్ పాడె కూడా మోశాడు.

"అక్కా, ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోబాకు. అన్న పోయినట్టు ఆఫీసులో చెప్పొద్దండి. పేరు కొట్టేస్తారు. పక్క పంచాయతీలో ఒకాయన మూడో నెంబరు దాకా వచ్చి చచ్చిపోయినాడు. లిస్టులోంచి తీసేసినారు. కొడుకులు మళ్ళీ అర్జీ పెట్టుకుంటే యాడో అడుగున పడినారు. మీ నెంబరు ఇప్పుడు నలభైలోకి వచ్చిండాది."

మునిశేఖర్ తమ్ముడు గిరిప్రసాద్ గోడకు ఆనుకుని ఉన్నాడు. గుండు ఇంకా పచ్చిగా ఉంది. "మరి డెత్ సర్టిఫికెట్టు తీసుకోవాల గదన్నా?" అన్నాడు.

"అది తీసుకుంటే ఇంకేముండాది?" అన్నాడు మునికృష్ణ. "ఇప్పుడంతా కంప్యూటరు రా. ఒక చోట చచ్చిపోయినాడని ఎక్కితే అన్ని చోట్లా చచ్చిపోతాడు. రేషను కాడ చచ్చిపోతాడు, కరెంటు కాడ చచ్చిపోతాడు. గమ్మునుండండి. ట్రాన్స్‌ఫార్మర్ రాంగానే మనమే పోయి చెప్తాం. మహా అయితే మూడు నెల్లు."

అందరూ నిర్మలమ్మ వైపు చూశారు. ఆమె గడప లోపల కూర్చుని ఉంది. పదకొండు రోజులుగా ఏడ్చి గొంతు పోయింది.

"ఆ అంట్లకు నీళ్ళొస్తాయా?" అంది.

"వస్తాయక్కా."

"అట్లయితే సరే."

మూడు నెలలతో అయిపోలేదు. రెండేళ్ళయింది.

ఈ రెండేళ్ళూ మునిశేఖర్ చాలా తిరిగాడు. బతికుండగా ఐరాల, చిత్తూరు దాటి పోయినవాడు కాదు. చచ్చిపోయాక తిరుత్తణి పోయాడు, పలమనేరు సంతకు ఆవులు చూడ్డానికి పోయాడు, బంధువుల పెళ్ళికి మదనపల్లె పోయాడు. జీపు వచ్చినప్పుడల్లా ఒక ఊరు. ఏ ఊరు చెప్పామో మర్చిపోకుండా నిర్మలమ్మ క్యాలెండరు వెనక రాసుకునేది.

అతని ఫోను కూడా బతికే ఉంది. నెంబరు ముందుకు జరిగితే మెసేజి దానికే వస్తుంది, కాబట్టి రీచార్జి ఆపడానికి లేదు. ఒకరోజు ఇంట్లో అందరూ అన్నాలు తింటుండగా అది మోగింది. గిరిప్రసాద్ ఎడమచేత్తో ఎత్తాడు.

"ఆ... నేనే. మునిశేఖర్‌నే మాట్లాడేది. అవును మేడం. రాలేదు మేడం ఇంకా. సరే మేడం."

తాయమ్మ కంచంలో చెయ్యి పెట్టి అట్లాగే ఉండిపోయింది. తర్వాత కంచం తీసుకుని లేచి కొట్టంలోకి పోయింది. ఆవు ముందు అన్నం పెట్టి, దాని గంగడోలు పట్టుకుని నిలబడింది. గిరిప్రసాద్ వెనకాలే పోయాడు.

"అమ్మా, నన్నేం చెయ్యమంటావు? అన్నం ముందర కూర్చుని చచ్చిపోయిన అన్న పేరు నా పేరని చెప్పినాను. నాకు మాత్రం బాగుండాదా?"

"నీ గొంతు వాడి మాదిరే ఉండాది రా" అంది తాయమ్మ. "అదే నాకు తట్టుకునే దానికి చేతగాక."

కూతురు ఐశ్వర్య చిత్తూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. దసరా సెలవులకు వచ్చింది. మరునాడు పొద్దున్నే పళ్ళు తోముకుంటూ తల్లిని నిలదీసింది.

"హాస్టల్లో నా జతగత్తె అడిగింది, మీ నాయన ఏం చేస్తాడని. సేద్యం చేస్తాడు అన్నాను. వాళ్ళ అమ్మావాళ్ళు ఐరాలోళ్ళు, నిజం చెప్తే కరెంటాఫీసు దాకా పోదా? చెప్పి బాత్రూములోకి పోయి తలుపేసుకుని ఏడ్చినాను. మా నాయన చచ్చిపోయినాడని చెప్పుకునే దానికి గూడా మనకు నెంబరు రావాల్నా అమ్మా?"

నిర్మలమ్మ ఆమె చేతికి నీళ్ళ చెంబు అందించింది. "అంట్లు బతకాల గదమ్మా. మీ నాయన చేత్తో నాటినవి" అంది.

"మరి నాయన కోసం ఎప్పుడు ఏడస్తావు?"

సంవత్సరీకం తలుపులు వేసుకుని చేశారు. చుట్టాలను పిలవలేదు. పిలిస్తే పది ఊళ్ళకు మాట పోతుంది, ఏ ఊళ్ళో ఏ కరెంటు ఆఫీసు మనిషి ఉంటాడో తెలియదు. ఏడుపు బయటికి వినపడకుండా తాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వితంతు పింఛను అర్జీ పెట్టలేదు. పొలం పేరు మార్చుకోలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు మొదట్లో జాలిపడ్డారు, తర్వాత అలవాటు పడ్డారు. జీపు వచ్చిన రోజు ఎవరో ఒకరు "ఏమే నిర్మలా, ఈరోజు ముత్తైదువ్వి" అని ఎకసెక్కం ఆడేవాళ్ళు. ఆడినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. నవ్వకపోతే ఆ మాట ఎవరూ అనలేరు, అంతే.

అంట్లు నూటిరవైలో సగం పోయాయి. మిగిలిన సగానికి అత్తాకోడళ్ళు బిందెలతో నీళ్ళు పోస్తూ వచ్చారు.

ఈ ఏడు మే నెల మొదట్లో చక్రధర్ ఫోనులో అరిచాడు.

"అక్కా! వచ్చేసింది! స్టోర్సులో బండికి ఎక్కించేసినారు! నా కండ్లతో చూసినా! పదకొండుకు మీ చేన్లో ఉంటాది!"

ఊరు ఊరంతా చేను దగ్గరకు పోయింది. ఐశ్వర్య కూడా వచ్చి ఉంది. ముసలివాళ్ళు గొడుగులు పట్టుకుని వచ్చారు. మునికృష్ణ టెంకాయలు తెచ్చాడు. నిర్మలమ్మకు బొట్టు పెడుతూ తాయమ్మ "ఇదే ఆఖరు" అంది. గిరిప్రసాద్ అన్న చొక్కా వేసుకున్నాడు. ఆధార్ కార్డులో ఉన్న ఫోటోకు తగ్గట్టు మీసం కత్తిరించుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన లబ్ధిదారును నిలబెట్టి ఫోటో తీస్తారని చక్రధర్ ముందే చెప్పాడు. ఒక్క ఫోటో, ఒక్క సంతకం, అయిపోతుంది.

లారీ వచ్చింది. పైన బూడిదరంగు ట్రాన్స్‌ఫార్మర్. కట్టిన తాళ్ళ మధ్య కొత్త పెయింటు మెరుస్తోంది. వెనకే జీపు. అందులోంచి అమర్‌నాథ్ దిగాడు. ఆ సెక్షనుకు వచ్చి నెల కూడా కాని ఏఈ. చిన్నవాడు. ఎండకు మొహం కందిపోయి ఉంది.

"మునిశేఖర్ గారు ఎవరండీ? రండి" అన్నాడు. సంచిలోంచి ట్యాబు, చిన్న వేలిముద్రల మిషను తీశాడు.

గిరిప్రసాద్ వేసిన అడుగు వేసినట్టే ఆగిపోయాడు.

"అదేంది సార్?" అన్నాడు మునికృష్ణ.

"ఈ నెలనుంచి కొత్తగా పెట్టారు. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ వేలిముద్ర పడాలి. పడితేనే సర్వీసు నెంబరు వస్తుంది."

చక్రధర్ మొహం పాలిపోయింది. ఈ సంగతి అతనికీ తెలియదు. గిరిప్రసాద్ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "మా అన్న తిరపతి పోయినాడు సార్" అన్నాడు.

అమర్‌నాథ్ చిరాకు పడతాడనుకున్నారు. పడలేదు.

"అట్లాగా? ఫోన్ చేసి రమ్మనండి. నేను ఇక్కడే ఉంటాను. నాలుగేళ్ళు కాచుకున్న మనిషి కోసం నేనొక పూట కాచుకోలేనా?" అని గట్టు మీద తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్నాడు. డ్రైవరుతో ఇంజను ఆపేయమన్నాడు.

ఊరంతా చచ్చిపోయిన మనిషి కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. మునికృష్ణ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అవతల ఎవరూ లేకుండానే, "రేయ్, యాడుండావు రా? బస్సెక్కినావా?" అని నాలుగుసార్లు అరిచాడు. ఐశ్వర్య రెండు చేతులతో చెవులు మూసుకుని చేను అవతలకు పోయింది. గంట గడిచింది.

నిర్మలమ్మ ఏఈకి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అతను తాగి, చెంబు ఇస్తూ అడిగాడు.

"ఎక్కడిదాకా వచ్చాడంట అమ్మా? ఏం లేదు, ఆయన రాగానే మొదటి స్విచ్చి ఆయన చేతే వేయిద్దాం. మా నాయన కూడా ఇట్లాగే తిరిగినాడు కరెంటాఫీసు చుట్టూ. నాకు తెలుసు."

ఆ మాట అనకపోయి ఉంటే ఆమె ఇంకో ఊరి పేరు చెప్పేదేమో.

"రాడు సార్."

"బస్సు దొరకలేదా?"

"ఆయన పోయి రెండేండ్లు దాటింది సార్. ఆ మూలనుండే అంటు కాడ పడిపోయినాడు."

అమర్‌నాథ్ లేచి నిలబడ్డాడు. ఆమె నుదుటివైపు చూసి, చూపు దించుకున్నాడు. నిర్మలమ్మ కొంగుతో బొట్టు తుడుచుకుంది. అందరి ముందరే.

"ఏంటికి చెప్పినావు నిర్మలమ్మా!" మునికృష్ణ తల బాదుకున్నాడు. "ఈరోజుకు పంపించేసుంటే ఎట్లో ఒకట్ల చేసుకునుంటాం గదా!"

"ఎట్ల చేస్తావన్నా? చచ్చిపోయినోడి వేలు యాడినుంచి తెస్తావు? కాణిపాకం పంపినాం, తిరుత్తణి పంపినాం, తిరపతి పంపినాం. ఇంక యాడికి పంపేది ఆయన్ని?"

అమర్‌నాథ్ మెల్లగా అడిగాడు. "ఎందుకు దాచారమ్మా?"

"చెప్తే నెంబరు పోతాదంట గద సార్."

"ఎవరన్నారు?"

చక్రధర్ నేలవైపు చూస్తూ "నేనే సార్" అన్నాడు. "పక్క పంచాయతీలో అట్లనే కొట్టేసినారు సార్. నేను చూసినా."

"ఆ ఫైలు నేను చదివాను చక్రధర్. అక్కడ కొడుకులిద్దరూ కొట్లాడుకుని ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టలేదు. అందుకు కొట్టేశారు. తండ్రి చచ్చిపోయినందుకు కాదు." అతను నిర్మలమ్మ వైపు తిరిగాడు. ఆ మాట చెప్పడం అతనికీ కష్టంగానే ఉంది. "డెత్ సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ పెట్టి, పేరు మార్చమని ఒక్క కాగితం రాసిచ్చి ఉంటే సరిపోయేదమ్మా. నెంబరు అదే ఉండేది. మీ పేరు మీదకు వచ్చేది."

ఒక్క కాగితం. నాలుగేళ్ళలో ఆ ఆఫీసులో కుర్చీలు మారాయి, మనుషులు మారారు. ఆ ఒక్క కాగితం సంగతి ఒక్కరూ చెప్పలేదు. లిస్టు గోడకు అంటించారు. లిస్టులో ఉన్న మనిషి చచ్చిపోతే పెళ్ళాంబిడ్డలు ఏం చేయాలో అంటించలేదు. అన్నేళ్ళు కాచుకోబెట్టిన వాళ్ళకు, కాచుకునేవాడు మధ్యలో చచ్చిపోవచ్చన్న ఆలోచన రాలేదా? వచ్చే ఉంటుంది. చెప్పడం తమ పని కాదనుకుని ఉంటారు.

"ఇప్పుడు ఇస్తాం సార్ ఆ కాగితం" అన్నాడు గిరిప్రసాద్.

"డెత్ సర్టిఫికెట్ ఉందా?"

లేదు.

"ఏడాది దాటితే పంచాయతీలో ఇవ్వరు. పై ఆఫీసరు ఆర్డరు కావాలి. ఆయన చచ్చిపోయినాడని సాక్షులు చెప్పాలి."

"మేముండాం గద సార్" అన్నాడు మునికృష్ణ. "ఊరంతా ఉండాది."

అమర్‌నాథ్ ఫైలు తిప్పి ఒక పేజీ చూపించాడు. "ఆయన బతికున్నాడని పోయినేడు సాక్షి సంతకం పెట్టింది కూడా మీరే."

మునికృష్ణ తన సంతకం వైపు చూశాడు. నెమ్మదిగా గట్టు మీద కూర్చుండిపోయాడు.

ట్రాన్స్‌ఫార్మర్ మునిశేఖర్ నెంబరు మీద స్టోర్సునుంచి వచ్చింది. వేలిముద్ర పడకపోతే దింపడానికి లేదు. దింపకపోతే సాయంత్రానికి తర్వాతి నెంబరుకు పోవాలి, లేదా స్టోర్సుకు తిరిగిపోవాలి. అమర్‌నాథ్ పక్కకు పోయి పైవాళ్ళతో అరగంట ఫోనులో మాట్లాడాడు. బతిమాలాడు. ఒకసారి గొంతు పెంచాడు కూడా. తిరిగి వచ్చినప్పుడు అతని మొహం చూస్తేనే తెలిసింది.

లారీ ఇంజను మొదలవగానే గిరిప్రసాద్ పోయి ముందు చక్రాల దగ్గర అడ్డంగా పడుకున్నాడు. "నా మీద ఎక్కించుకుని పోండి!" ఇంకో నలుగురు వచ్చి నిలబడ్డారు. డ్రైవరు దిగి, "నన్నేం చెయ్యమంటారప్పా, నేను బాడుగ బండోన్ని" అని చేతులు జోడించాడు.

"తర్వాతి నెంబరు ఎవరు సార్?" అని నిర్మలమ్మ ఏఈని అడిగింది.

"కొండకింద ఊర్లో ఒకామె ఉందమ్మా. ఆమెవి కొబ్బరి మొక్కలు. ఆమే నాలుగేళ్ళుగా తిరుగుతోంది."

నిర్మలమ్మ లారీ ముందుకు నడిచింది. మరిది రెక్క పట్టుకుని లాగింది.

"లెయ్ గిరీ."

"వదినా, నువ్వు గమ్మునుండు. పోయిందంటే మళ్ళీ రాదు ఇది."

"లెయ్యబ్బా. ఎండకు కాలిపోతాండాది నేల. ఆయమ్మ మొక్కలన్నా బతకనీ."

గిరిప్రసాద్ లేచాడు. వీపంతా మట్టి. పిల్లవాడిలా వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తున్నాడు. నలుగురూ పక్కకు జరిగారు.

"నెంబరు పోకుండా చూస్తానమ్మా" అన్నాడు అమర్‌నాథ్. "కాగితాలు తెచ్చుకోండి. మళ్ళీ స్టాకు రాగానే—"

"ఎప్పుడొస్తాది సార్?"

అతను అబద్ధం చెప్పలేదు. "ఇండెంట్ పెడతాను" అని మాత్రం అన్నాడు.

లారీ వెనక్కి తిరిగి, గతుకుల బాటలో ఊగుతూ పోయింది. అది బాట మలుపు దగ్గరకు చేరేదాకా ఎవరూ కదలలేదు. అప్పుడు తాయమ్మ గట్టు మీదనుంచి జారి కింద కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. నేల మీద అరచేత్తో కొట్టింది.

"శేఖరా! పోయినావా నాయనా! నన్నిడిసిపెట్టి పోయినావా!"

అంత ముసలి గొంతులో అంత శబ్దం ఉందని ఎవరూ అనుకోలేదు. "గమ్మునుండు, ఎవరన్నా వింటారు" అని ఈసారి ఎవరూ అనలేదు. ఊరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు. అప్పుడే చచ్చిపోయిన మనిషికి ఏడ్చినట్టు అతని పేరు పెట్టి, అతని గుణాలు చెప్పి ఏడ్చారు. మగవాళ్ళు తలకు చుట్టిన తువ్వాళ్ళు తీసి చేత్తో పట్టుకున్నారు. చక్రధర్ స్తంభానికి ఆనుకుని, కూర్చోలేక నిలబడలేక అట్లా ఉండిపోయాడు. ఐశ్వర్య చేను అవతలనుంచి పరుగెత్తుకుంటూ వచ్చి నాయనమ్మ ఒళ్ళో పడింది.

నిర్మలమ్మ వాళ్ళ పక్కన కొంతసేపు కూర్చుంది. చేతి గాజులు ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెట్టింది. కూతురి వీపు నిమిరింది. ఆమె కూడా ఏడ్చింది. అందరికంటే తక్కువ శబ్దంతో.

పొద్దు పడమటికి వాలింది. ఆమె లేచింది. మునికృష్ణ టెంకాయలు అట్లాగే బస్తాలో ఉన్నాయి. ఎవరూ ముట్టలేదు. బిందె చంకనెత్తుకుని పక్కచేని బావి వైపు నడిచింది. పొద్దున్నుంచి ఈ సందడిలో అంట్లకు నీళ్ళు పోయలేదు. మూలనున్న దానికి ఆకులు ముడుచుకుపోయాయి.